చివరి మడికి నీళ్లందే సిరీస్ ఏది? పుస్తకాల నుంచి తీసిన ఫాంటసీల్లో ఎంపిక

సాగర్ ఎడమ కాలువ కింద సాగు చేసేవాళ్లకు ఒక సంగతి ఎవరూ నేర్పాల్సిన పని లేదు. తూము పక్కన పొలం పచ్చగా ఉంటే ఆయకట్టంతా పండినట్టు కాదు. చివరి మడి తడిసిందా లేదా అని అడగాలి. పుస్తకాల నుంచి తీసిన ఫాంటసీ సిరీస్‌ల ముచ్చట కూడా ఇంతే. మొదటి సీజన్‌లో డబ్బు, ప్రచారం, కొత్త లోకం చూస్తున్న సంబరం అన్నీ కలిసి పారుతుంటాయి కాబట్టి ఏ సిరీస్ అయినా బాగున్నట్టే ఉంటుంది. నలభై గంటలు చూశాక కథ ఎండిపోతేనే లొల్లి మొదలవుతుంది.

నల్లగొండ హాస్టల్ గదిలోనైనా, పండక్కి పాలమూరు వచ్చిన అన్నదమ్ముల మధ్యనైనా "ఏదన్నా మంచి సిరీస్ చెప్పురా" అంటే చటుక్కున రేటింగ్ చూసి చెప్పేస్తారు. కథ నడక మీద పట్టింపు ఉన్నవాళ్లకు రేటింగ్ పనికిరాదు. గండి ఒక్కో సిరీస్‌కు ఒక్కో చోట పడుతుంది, ఆ గండ్లలో మీరు ఏది ఓర్చుకోగలరో చూసుకుని ఎంచుకోవాలి. ఇక్కడ ఏడు సిరీస్‌లను ఆ లెక్కనే పోల్చాం. కథ గుట్టు బయటపెట్టాల్సిన చోట ముందే హెచ్చరిక ఉంటుంది.

ముందుగా ఒక ఫిర్యాదును పక్కన పెట్టేద్దాం. "పుస్తకంలో ఇట్లా లేదు" అనేది తప్పు పట్టడం కాదు. వ్యాస భారతంలో శశిరేఖ పెళ్లి ముచ్చటే లేదు. 1957లో వచ్చిన మాయాబజార్‌లో పాండవులు అసలు తెర మీదికే రారు. అయినా ఎవరికీ లోటు తెలియలేదు, ఎందుకంటే పాండవులు కదిలించాల్సిన కథను ఘటోత్కచుడు, కృష్ణుడు కదిలించారు. మనిషిని తీసేసినా అతని పని ఇంకొకరికి అప్పగించారన్నమాట. సిరీస్‌లలో అసలు తప్పు దీనికి తిరగబడినట్టు ఉంటుంది. మనిషిని తీసేస్తారు, అతని పనిని గాలికొదిలేస్తారు. రెండు సీజన్ల తర్వాత ఆ ఖాళీ నోరు తెరుస్తుంది.

గేమ్ ఆఫ్ థ్రోన్స్: మొదలు బంగారం, చివర పరుగు

2011 నుంచి 2019 దాకా 8 సీజన్లు, 73 ఎపిసోడ్లు, సుమారు 70 గంటలు. కథ అల్లిక ఎట్లా ఉండాలో, ఎట్లా ఉండకూడదో రెండూ ఇందులోనే దొరుకుతాయి.

మొదటి సీజన్ నాలుగో ఎపిసోడ్‌లో తొవ్వ మీది ఒక సత్రంలో క్యాట్లిన్ స్టార్క్ టిరియన్‌ను చూస్తుంది. తన కొడుకును చంపించబోయింది ఇతనే అనుకుంటుంది. అక్కడ కూర్చున్న తన తండ్రి సామంతుల మనుషులను పేరుపేరునా పిలిచి అతన్ని పట్టిస్తుంది. అందుకని టిరియన్ అన్న జేమీ రాజధాని వీధిలో ఆమె భర్త మనుషుల మీద పడతాడు. అందుకని ఆ భర్త నెడ్ కాలికి ఈటె పోటు తగిలి మంచం పడతాడు. ఇటు టిరియన్, జేమీల తండ్రి నదుల సీమలో ఊళ్లు తగలబెట్టిస్తాడు. ఒక అపార్థం, ఒక సత్రం, ఆ తర్వాత యుద్ధం. ప్రతి మెట్టు దగ్గర "ఎందుకు" అంటే జవాబు ఉంది. ఒగ్గు కథ చెప్పేటాయన పక్కన కూర్చుని "అందుకని ఏం జేసిండు?" అని అడిగినా కథ తడబడదు. దూరాలకు కూడా విలువ ఉంది: రాజు పరివారం ఉత్తరాదికి చేరేసరికి నెల రోజులు పట్టిందని రాణి విసుక్కుంటుంది.

ఇప్పుడు ఏడో సీజన్ ఆరో ఎపిసోడ్‌కు రండి. మంచు సరస్సు నడుమ కొందరు చిక్కుకుంటారు. ఒకతను కోట దాకా పరిగెత్తుతాడు, కాకి దక్షిణాన ఉన్న దీవికి ఎగురుతుంది, రాణి డ్రాగన్ల మీద వచ్చేస్తుంది. ఇదంతా జరిగేదాకా వాళ్లు ఆ బండ మీదే నిలబడి ఉంటారు. ఒక రాత్రా, నాలుగు రోజులా? సిరీస్ చెప్పదు. నెల ప్రయాణం ఉన్న లోకంలో ఇది మొదటి పెద్ద గండి. ఆ తర్వాత మనుషుల నిర్ణయాలు కూడా ఇట్లాగే ఎగిరెగిరి వస్తాయి.

ఎందుకిట్లా అయింది? ఐదో పుస్తకం 2011లోనే వచ్చింది, ఆరోది రాలేదు. ఐదో సీజన్ నాటి నుంచి సిరీస్ పుస్తకాలను దాటిపోవడం మొదలైంది. అక్కడి నుంచి గమ్యం తెలుసు గానీ తొవ్వ తెలియదు. అది చాలదన్నట్టు, మొదటి 6 సీజన్లకు పదేసి చొప్పున 60 ఎపిసోడ్లు వాడి, కథ మొత్తం ముడి విప్పాల్సిన చివరి రెండు సీజన్లకు 7, 6 కలిపి 13 ఎపిసోడ్లే ఉంచారు. ఇంకా తీసుకోండని ఛానెల్ ముందుకొచ్చినా తీసేవాళ్లే చాలన్నారు. కాబట్టి నీళ్లు లేక ఎండిందనడానికి లేదు. చివరి సీజన్‌ను మళ్లీ తీయాలని ఆన్‌లైన్ వినతిపత్రం మీద 10 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. (గుట్టు వద్దనుకునేవాళ్లు వచ్చే వాక్యం వదిలేయండి. ఆఖర్లో రాజయ్యే మనిషి ఐదో సీజన్ మొత్తంలో ఒక్కసారి కూడా కనిపించడు.)

అయినా చూడొచ్చా? చూడొచ్చు, ఆపే చోటు తెలిస్తే. నాలుగో సీజన్ ముగింపు గట్టి మజిలీ. అక్కడ ఆపినా కడుపు నిండుతుంది. ఇంకా కావాలంటే ఐదో సీజన్‌లో డోర్న్ అనే దక్షిణ దేశం ముచ్చట వచ్చినప్పుడల్లా ఓపిక పట్టి ఆరో సీజన్ చివరి రెండు ఎపిసోడ్లు చూడండి. ఆ తర్వాతి 13ను వేరే వాళ్లు రాసిన ముగింపు అనుకుని చూస్తే కోపం సగం తగ్గుతుంది. ఎనిమిదో సీజన్ మూడో ఎపిసోడ్‌ను మాత్రం పగటిపూట, తలుపులు తీసిన హాలులో పెట్టుకోవద్దు. 82 నిమిషాల రాత్రి యుద్ధం అది, ఎవరు ఎవరిని నరికారో కనపడదు. లైట్లు ఆర్పి, ఫోన్‌లో అయితే ఆటో బ్రైట్‌నెస్ తీసేసి, టీవీలో అయితే సినిమా మోడ్ పెట్టుకుని చూడాలి.

ఇంకో మాట: ఇది ఇంట్లో నానమ్మ, పిల్లలతో కలిసి కూర్చుని చూసేది కానే కాదు. మొదటి ఎపిసోడ్‌లోనే రిమోట్ కోసం వెతుక్కోవాల్సి వస్తుంది.

హౌస్ ఆఫ్ ది డ్రాగన్: ఒకే పేరు పది మందికి

ఇది అదే లోకంలో దాదాపు 200 ఏళ్ల ముందటి కథ. దీనికి ఆధారమైన పుస్తకం నవల కాదు, చరిత్ర గ్రంథంలా రాసింది. ఒకే సంఘటనను ముగ్గురు మూడు రకాలుగా చెబుతారు. కాబట్టి సిరీస్ వాళ్లకు చేతినిండా స్వేచ్ఛ ఉంది. ఆ స్వేచ్ఛే కొన్నిచోట్ల దెబ్బకొట్టింది.

మొదటి చిక్కు పేర్లది. రెనీరా, రెయినిస్, రెయినా. ఏగాన్, ఏమండ్, ఏమా. గుట్ట నర్సింహస్వామి పేరు మీద ఒక్క ఊళ్లోనే నలుగురు యాదగిరులుంటే ఏం చేస్తాం? ఇంటిపేరుతోనో, చేసే పనితోనో విడదీసి పిలుస్తాం. ఇక్కడా అదే చేయాలి. చిన్న కాగితం మీద ఒక్కొక్కరికీ వాళ్ల డ్రాగన్ పేరు, ఎవరి బిడ్డో రాసి పెట్టుకోండి. మూడో ఎపిసోడ్‌కు ఆ కాగితం అవసరం ఉండదు, ఆరో ఎపిసోడ్‌కు మళ్లీ వెతుక్కుంటారు. ఎందుకంటే ఐదు, ఆరు ఎపిసోడ్ల మధ్య పదేళ్లు గడిచిపోతాయి, ముఖ్యమైన ఇద్దరు ఆడవాళ్లకు నటులే మారిపోతారు. చాలామంది ఇక్కడే "ఈమె ఎవరు?" అని మానేస్తారు. మానొద్దు. మొదటి సీజన్‌లో గెంతులు ఉన్నా ప్రతి గెంతుకూ కారణం ఉంది. పిల్లలు పెరగకుండా వారసత్వ తగువు రాదు కదా.

రెండో సీజన్ (2024) సంగతి వేరు. పదికి బదులు 8 ఎపిసోడ్లే. నాలుగోదాంట్లో పెద్ద డ్రాగన్ యుద్ధం పెట్టి, మిగతా సగమంతా సేనలు సర్దుకోవడం, ఒక పాడుబడ్డ కోటలో ఒకాయన కలలు కనడం. ఆఖరి ఎపిసోడ్ యుద్ధం గుమ్మం దగ్గర ఆగిపోతుంది. (ఇక్కడ చిన్న గుట్టు.) పుస్తకంలో హంతకులు రాణి ముందు ఇద్దరు కొడుకులను పెట్టి, ఎవరు చావాలో నువ్వే చెప్పు అంటారు. సిరీస్‌లో చిన్న కొడుకే లేడు, కాబట్టి ఆ ఎంపికా లేదు. కవలల్లో మగపిల్లాడు ఎవరని అడుగుతారంతే. ఆ తల్లి బతుకంతా వెంటాడాల్సిన మాట నోటి దాకా రాకుండా పోయింది. రచయితే 2024 సెప్టెంబర్‌లో తన బ్లాగులో ఈ మార్పును తప్పుపట్టి రాసి, తర్వాత ఆ రాత తీసేశారు. మనిషిని తీసి పనిని వదిలేయడమంటే ఇదే.

మొత్తం 4 సీజన్లని ప్రకటించారు. సీజన్ల మధ్య రెండేసి ఏళ్లు ఆగలేనివాళ్లు అన్నీ వచ్చాకే మొదలుపెట్టడం మేలు.

ది విచర్: మూడు కాలాలు, ఒక కాగితం

2019 నాటి మొదటి సీజన్ 8 ఎపిసోడ్లు. దీని మీద వచ్చినంత "ఏం అర్థం కాలేదు" ఫిర్యాదు మరే సిరీస్ మీదా రాలేదేమో. రాక్షసుల్ని వేటాడే గెరాల్ట్, మంత్రగత్తె యెన్నెఫర్, రాకుమారి సిరి ముగ్గురి కథలూ పక్కపక్కనే నడుస్తుంటాయి గానీ మూడూ ఒకే కాలానివి కావు. వాటి మధ్య దశాబ్దాల తేడా ఉంది. తెర మీద తేదీ వేయరు. చూసేవాళ్లకు తెలివితక్కువై కాదు, సిరీసే దాచింది.

దాచినా జాడలు వదిలింది. మొదటి ఎపిసోడ్‌లో రెన్‌ఫ్రి అనే పిల్ల, కలాంతే రాణి ఇప్పుడే తన మొదటి యుద్ధం గెలిచిందని చెబుతుంది. అదే ఎపిసోడ్‌లో ఇంకో చోట కలాంతే మనవరాలున్న పెద్దావిడ. మూడో ఎపిసోడ్‌లో ఒక రాజు యెన్నెఫర్ ముందు పసివాడు, గెరాల్ట్ ముందు బాగా ముదిరిన మనిషి. నాలుగోదాంట్లో ఒక విందు జరుగుతుంది. ముడి అక్కడే విడుతుంది. కాగితం మీద మూడు నిలువు గీతలు గీసి, ఎవరి ముచ్చట వస్తే వాళ్ల గీత కింద ఒక్క ముక్క రాస్తూ పోతే నాలుగో ఎపిసోడ్‌కల్లా లెక్క తేలుతుంది. ఎపిసోడ్లను కాలక్రమంలో తిప్పి చూసే పని పెట్టుకోవద్దు. ఒకే ఎపిసోడ్‌లో మూడు కాలాలు కలిసి ఉన్నందువల్ల అది కుదరదు.

మొదటి సీజన్ గడబిడ అల్లికది, అది సర్దుకుంటుంది. రెండో సీజన్ నుంచి వచ్చే బాధ వేరు. అక్కడ కాలం తిన్నగానే నడుస్తుంది గానీ మనుషులు తమ స్వభావానికి విరుద్ధంగా నడుస్తారు. పుస్తకాల్లో బతికి ఉండే ఒక పాత మిత్రుడిని చంపేస్తారు, యెన్నెఫర్‌తో సిరిని అప్పగించే ఆలోచన చేయిస్తారు. పుస్తకాలు చదివినవాళ్లకు నచ్చనిది ఇదే, సిరీస్ ఒక్కటే చూసేవాళ్లకు పెద్దగా తెలియదు. నాలుగో సీజన్ (2025)లో గెరాల్ట్‌గా హెన్రీ కావిల్ బదులు లియమ్ హెమ్స్‌వర్త్ వచ్చాడు. పాత మొహానికి అలవాటు పడ్డవాళ్లకు తొలి రెండు ఎపిసోడ్లు గొంతులో ముల్లే. ఒక్క ఎపిసోడ్ రుచి చూసి తేల్చుకోవాలనుకుంటే రెండో సీజన్ మొదటిది పెట్టండి: ఒక శపితుడు, ఒక పాడుబడ్డ మేడ, ఒక రాత్రి. కథ అక్కడికక్కడే పూర్తవుతుంది.

ది వీల్ ఆఫ్ టైమ్: నడిమిట్ల తెగిన కాలువ

14 పుస్తకాలు. రచయిత 2007లో చనిపోతే మిగిలిన కథను ఇంకొక రచయిత చివరి మూడు పుస్తకాల్లో పూర్తి చేశారు, ఆఖరుది 2013లో వచ్చింది. నన్నయ వదిలిన అరణ్యపర్వాన్ని ఎర్రన ముగించిన నేల మీద ఇది వింతేం కాదు. సిరీస్‌కు మాత్రం ఎర్రన దొరకలేదు. 2021, 2023, 2025లలో 8 చొప్పున 24 ఎపిసోడ్లు వచ్చాక 2025 మేలో ఆపేశారు. కథ సుమారు నాలుగో పుస్తకం దగ్గరుంది.

మొదటి సీజన్ ఎందుకు కుంటిందో తెలిస్తే కోపం తగ్గుతుంది. ఐదుగురు స్నేహితుల్లో ఒకడైన మ్యాట్ పాత్ర వేసిన నటుడు షూటింగ్ మధ్యలో వెళ్లిపోయాడు. అందుకే ఆరో ఎపిసోడ్ చివర అందరూ ద్వారం దాటితే మ్యాట్ ఇవతలే నిలబడిపోతాడు, చివరి రెండు ఎపిసోడ్లలో ఉండడు. అతనికి రావాల్సిన ముచ్చట ఇతరులకు పంచారు, ముగింపు అతుకుల బొంతలా ఉంటుంది. కోవిడ్ దెబ్బ సరేసరి. ఆ స్నేహితుల్లో ఇంకొకడైన పెరిన్‌కు పుస్తకంలో లేని పెళ్లాన్ని ఇచ్చి మొదటి ఎపిసోడ్‌లోనే చంపడం మాత్రం ఎవరి బలవంతం మీదా చేసింది కాదు. దాని బరువును ఆ పాత్ర తర్వాత సరిగ్గా మోయనే లేదు.

విచిత్రం ఏమిటంటే కథ గాడిన పడ్డది మూడో సీజన్‌లోనే. దాని నాలుగో ఎపిసోడ్‌లో ఒక యువకుడు ఎడారి నగరంలోని స్తంభాల మధ్య నడుస్తూ తన పూర్వీకుల బతుకులను ఒక్కో తరం వెనక్కి చూస్తాడు. కాలాన్ని తిరగేసి చెప్పడం విచర్‌కు చేతకాలేదు, ఇక్కడ చక్కగా కుదిరింది. ఇంగ్లీషు పుస్తకాలు చదివే ఓపిక ఉన్నవాళ్లు సిరీస్ చూసి, మార్పులు చాలా ఉన్నా నాలుగో పుస్తకం నుంచి అందుకోవచ్చు. చదవనివాళ్లు దీని జోలికి పోవద్దు.

రింగ్స్ ఆఫ్ పవర్: మూడు వేల ఏళ్లు ఒక తరంలో

దీనికి నవల లేదు. మూల గ్రంథమైన లార్డ్ ఆఫ్ ది రింగ్స్ చివరి అనుబంధాల్లో ఉన్న కాలక్రమ పట్టికలే ఆధారం. ఆ పట్టికల ప్రకారం రెండో యుగం 3,441 ఏళ్లు. ఉంగరాల తయారీ సుమారు 1500 నుంచి, సముద్ర మధ్యంలోని మానవ ద్వీపం మునగడం 3319లో. సిరీస్ ఈ రెంటినీ ఒకే తరంలోకి కుదించింది. మనుషుల పాత్రలు బతికి ఉండాలంటే వేరే తొవ్వ లేదు, ఒప్పుకోవాల్సిందే. కానీ ఫలితంగా పగలు, స్నేహాలు, మోసాలు అన్నీ వారాల్లో పుట్టి వారాల్లో పండుతాయి. చివర తయారు కావాల్సిన మూడు ఉంగరాలు సిరీస్‌లో ముందే తయారవుతాయి, అది కూడా ఈ హడావిడి ఫలమే.

మొదటి సీజన్ (2022) ఇంకో తప్పు కూడా చేసింది. శత్రువు ఎవరన్నది 8 ఎపిసోడ్లూ పొడుపు కథలా దాచింది. దాచిన కథలో చూసేవాళ్లు మనుషుల్ని పట్టించుకోరు, జాడల కోసం వెతుకుతారు. రెండో సీజన్ (2024) మెరుగ్గా ఉండటానికి కారణం ఇందులోనే ఉంది. ఇప్పుడు మోసగాడెవరో మనకు తెలుసు, ఎదురుగా ఉంగరాలు చేసే కంసాలికి తెలియదు. వీధి భాగోతంలో మారువేషంలో వచ్చిన రావణుణ్ణి జనమంతా గుర్తుపడితే సీత ఒక్కతే గుర్తుపట్టనట్టు. భయం అక్కడ పుడుతుంది.

మొదటి సీజన్ ఆరో ఎపిసోడ్‌లో ఒక ఆనకట్ట తాళం తీస్తే నీళ్లు సొరంగాల గుండా పోయి అగ్నిపర్వతాన్ని రగిలిస్తాయి. సాగర్ 26 గేట్లు ఎత్తినప్పుడు వంతెన మీద నిలబడి చూసినవాళ్లు ఆ నీటి జోరుకు మురిసిపోతారు. ఆ తర్వాత నిప్పుల మేఘం మీద పడినా ముఖ్య పాత్రలు దుమ్ము దులుపుకుని లేవడం చూసి నవ్వుకుంటారు కూడా. ఈ సిరీస్‌లో ఘటనల వెనక కారణం కన్నా దృశ్యం గట్టిది. తెలుగు ఆడియో ఉంది, ఇంటిల్లిపాదీ చూడొచ్చు, కాస్త రక్తపాతం మాత్రం ఉంది. అల్లిక మీద పట్టింపు ఉంటే రెండో సీజన్ దాకా ఓపిక కావాలి.

షాడో అండ్ బోన్ గురించి రెండు ముక్కలు చాలు. 16 ఎపిసోడ్లు, 2023లో రద్దు. మొదటి సీజన్ ముచ్చటగా ఉంటుంది. రెండో సీజన్‌లో రెండు పుస్తకాల కథను, పక్క నవలల దొంగల ముఠాను కలిపి కుక్కారు. ఊపిరాడదు.

హిజ్ డార్క్ మెటీరియల్స్: చివరి మడి తడిసింది

మూడు పుస్తకాలు, మూడు సీజన్లు, 8, 7, 8 కలిపి 23 ఎపిసోడ్లు, 2022లో పూర్తయింది. ఈ జాబితాలో మొదటి తూము నుంచి చివరి మడి దాకా ఒకే లెక్కన నీళ్లు పారింది దీనికే. ఫిర్యాదులు లేవని కాదు. మొదటి సీజన్ నింపాదిగా నడుస్తుంది. ఆ లోకంలో ప్రతి మనిషి ఆత్మ ఒక జంతువు రూపంలో పక్కనే ఉండాలి. కానీ గుంపు దృశ్యాల్లో జంతువులు పెద్దగా కనపడవు. దానివల్ల మనిషినీ అతని జంతువునూ విడదీసే ఘోరం రావాల్సినంత బరువుగా రాదు. రెండో పుస్తకంలో రావాల్సిన అబ్బాయి లోకాన్ని మొదటి సీజన్‌లోనే చూపడం మొదలుపెట్టారు. మార్పే అయినా మంచి మార్పు. రెండో సీజన్ మొదలయ్యేసరికి అతను కొత్తవాడు కాదు. బడి పిల్లలున్న ఇంట్లో పెట్టడానికి ఇదే మొదటి ఎంపిక. ఆఖరి ఎపిసోడ్‌కు ఏడుపొస్తుంది, కానీ కోపం రాదు.

ఎవరికి ఏది

ముగింపు సరిగ్గా లేకపోతే నిద్ర పట్టనివాళ్లు: హిజ్ డార్క్ మెటీరియల్స్, ఇంకో ఆలోచన వద్దు. రాజకీయం, ఎత్తుకు పైఎత్తు కావాలి, ఆపే చోట ఆపగలననుకుంటే: గేమ్ ఆఫ్ థ్రోన్స్ నాలుగో సీజన్ దాకా, 40 ఎపిసోడ్లు. సగంలో తెగితే తట్టుకోలేనివాళ్లు వీల్ ఆఫ్ టైమ్, షాడో అండ్ బోన్ రెండూ వదిలేయాలి. చుట్టూ నలుగురు కూర్చుని మాటల మధ్యలో చూసేట్టయితే రింగ్స్ ఆఫ్ పవర్ పర్వాలేదు, రెండు నిమిషాలు వినకపోయినా కథ జారిపోదు. విచర్ మొదటి సీజన్ మాత్రం ఒంటరిగా, ఫోన్ పక్కన పెట్టి చూడాలి.

రోజుకు 1.5 జీబీ ప్యాక్ మీద బతికేవాళ్లు హెచ్‌డీ పెట్టుకుంటే గంట ఎపిసోడ్ ఒక్కటి కూడా పూర్తికాకపోవచ్చు. గంటకు 3 జీబీ దాకా తింటుంది. మామూలు క్వాలిటీలో గంటకు 1 జీబీ లోపే. వైఫై ఉన్నచోట డౌన్‌లోడ్ చేసుకుని ఊరికి పట్టుకుపోవడం అన్నింటికన్నా నయం. అయితే డౌన్‌లోడ్ చేసే ముందే ఆడియో, సబ్‌టైటిల్ భాష మార్చుకోవాలి, కొన్ని యాప్‌లలో తర్వాత మారదు. ఇంట్లో పెద్దవాళ్లు కూడా చూస్తారనుకుంటే తెలుగు ఆడియో ఉందో లేదో మొదటి సీజన్‌కే కాదు, చివరి సీజన్‌కు కూడా చూడండి. ఒకటో సీజన్ తెలుగులో విని రెండోది ఇంగ్లీషులో వినాల్సి వస్తే పేర్ల పలుకుబడే మారిపోయి, ఎవరెవరో మళ్లీ మొదటి నుంచి పోల్చుకోవాలి.

ఇక్కడ లేని కొత్త సిరీస్ ఎవరైనా చెబితే మూడు ప్రశ్నలు అడగండి. పుస్తకాలు పూర్తయ్యాయా? ఎన్ని పుస్తకాలకు ఎన్ని ఎపిసోడ్లు? సిరీస్ ముగిసిందా, ఆపేశారా, ఇంకా నడుస్తోందా? ఈ మూడింటికీ జవాబు సరిగ్గా ఉంటే మూడు ఎపిసోడ్లు చూసి, కథను పక్కవాళ్లకు నోటితో చెప్పి చూడండి. చెప్పేటప్పుడు "అందుకని" అనే మాట ఎక్కువ వస్తుంటే కొనసాగించండి. "ఆ తర్వాత ఏమైందంటే, ఆ తర్వాత ఏమైందంటే" అని సాగుతుంటే నాలుగోది డౌన్‌లోడ్ చేయకండి.